అన్నిటికీ ఆయ్

మా బావకి "లేదు" అనే మాట రాదు. అందరికీ చిన్నప్పుడే వచ్చేసే మాట అది, ఈయనకి మాత్రం పెళ్లయి, స్టూడియో పెట్టి, నన్ను బావమరిదిగా భరించాక కూడా రాలేదు. ఎవరేం అడిగినా ఒకటే జవాబు, "ఆయ్".

"పెళ్లికొడుకు కాస్త చామనచాయండి, వీడియోలో తెల్లగా రావాలండి."

"ఆయ్, వచ్చేస్తాడండి."

"ఊరేగింపులో వాన పడిపోయిందండి. ఆ వాన తీసెయ్యగలరాండి?"

"ఆయ్, తీసేద్దామండి."

ఆ వాన తీసేది ఎవరు? నేను. ఆయన కింద కౌంటర్లో కూర్చుని ఆయ్ ఆయ్ అంటుంటే, పైన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఆయ్‌లన్నీ తీర్చడం నా ఉద్యోగం. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన బళ్లో ఉండిపోయారు, నేను వచ్చేశాను. కొన్నాళ్లు ఊరంతా తిరిగాక, "వీడు ఎలాగూ రోజంతా సినిమాలు చూస్తాడు, ఆ చూసేదేదో మన పెళ్లిళ్లే చూస్తాడు" అని మా అక్క నన్ను బావకి అప్పగించింది. అలా ఎడిటర్నయ్యాను.

స్టూడియో పాలకొల్లులో, ఒక టైలరు కొట్టు పక్కన. పై గదిలో ఏసీ ఉండేది. మాకని కాదు, కంప్యూటర్‌కని. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిన నెల, కంప్యూటర్ ఆపేసి మేం టేపులు సర్దుకుంటుంటే ఏసీ కూడా ఆపేసేవాడు బావ. "మనం మనుషులం కదరా, తట్టుకుంటాం" అనేవాడు. అదీ ఆ రోజుల్లో యంత్రానికున్న మర్యాద.

పెళ్లి చిన్న టేపుల మీద తీసేవాళ్లం. ఆ టేపు కెమెరాలో పెట్టి, వైరు కలిపి, కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది, తొందర పెడితే ఊరుకోదు. ఎక్కుతుండగానే ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఒక్కో పేరు పెట్టి డ్రైవులో దాచుకోవాలి. మాకు మూడు డ్రైవులుండేవి. మా బావకి గోదారంటే ప్రాణం. వాటికి గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని పేర్లు పెట్టి, పసుపు బొట్లు కూడా పెట్టాడు. గౌతమి నిండిపోతే వశిష్ఠలోకి, వశిష్ఠ నిండితే వైనతేయలోకి. మాఘమాసం వచ్చేసరికి మూడూ వరద మీదుండేవి.

పేర్ల దగ్గర కూడా బావది ఒక పద్ధతి. "ఇంటిపేర్లతో ఫోల్డర్లు పెట్టకరా, మన దగ్గర ఒకే ఇంటిపేరువాళ్లు ఊరికి పాతిక మందుంటారు. కలిసిపోతాయి. ముహూర్తం పేరు పెట్టు. ముహూర్తం ఒక్కటే ఉంటుంది" అనేవాడు. నిజమే, ముహూర్తం ఒక్కటే. కానీ ఆ ఒక్క ముహూర్తానికి రెండు గోదావరి జిల్లాల్లోనూ పెళ్లిళ్లవుతాయని ఈయన మర్చిపోయాడు. మా దగ్గర కెమెరాలు రెండు, అంటే ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు. అయినా ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఒక పెళ్లి గౌతమిలో, ఇంకో పెళ్లి వశిష్ఠలో ఉండేవి. నదులు వేరైతే, ఒడ్డున ఊళ్ల పేర్లు ఒకటైతే ఏంటి?

ఆ మాఘంలో దశమి ముహూర్తానికి ఒక పెళ్లి రావులపాలెంలో, ఒకటి నరసాపురంలో. రావులపాలెం పెళ్లి టేపులు బావ ఎక్కించాడు, గౌతమిలోకి. నరసాపురంవి నేను ఎక్కించాను, వశిష్ఠలోకి. రెండు ఫోల్డర్ల పేరూ ఒకటే, "మాఘ దశమి". లోపల ముక్కల పేర్లు తంతులవే. తాళి, తలంబ్రాలు, జీలకర్ర బెల్లం, అప్పగింతలు, అలా. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో.

అలా ఉండగా బావ హైదరాబాదు నుంచి ఒక పెద్ద డ్రైవు తెప్పించాడు. ఈ మూడింటినీ మింగినా ఇంకా ఆకలంటుందట. దాని పేరు ఏం పెట్టుంటాడో మీకీపాటికి తెలిసే ఉంటుంది, అఖండ గోదావరి.

"ఇంకనుంచి ఏ ముక్క ఎక్కడుందని వెతుక్కోవడం లేదురా. అన్నీ దీన్లోకి కలిపేస్తా" అన్నాడు.

"బావా, గోదారి ధవళేశ్వరం దగ్గర విడిపోతుంది గానీ, విడిపోయిన పాయలు మళ్లీ వెనక్కి తిరిగొచ్చి కలవడం నేనెప్పుడూ చూళ్లేదు" అన్నాను.

"నువ్వు చూసింది తొమ్మిదో తరగతి దాకానే కదా" అన్నాడు ఆయన.

ఆ కలిపే పని దగ్గరికి నన్ను రానివ్వలేదు. స్నానం చేసి, టెంకాయ కొట్టి, తనే కూర్చున్నాడు. మొదట వైనతేయ, ఆ తర్వాత వశిష్ఠ ఎక్కించాడు. తర్వాత గౌతమి మొదలెట్టాడు. అప్పుడు కంప్యూటర్ ఒక ప్రశ్న అడిగింది. ఈ పేరుతో ఇక్కడ ఆల్రెడీ ఒకటుంది, దాని స్థానంలో ఇది పెట్టమంటారా అని. కింద నాలుగు బటన్లు. యెస్, యెస్ టు ఆల్, నో, క్యాన్సిల్. గమనించారో లేదో, అందులో "నో టు ఆల్" ఉండేది కాదు. ఆ కంప్యూటర్ రాసినవాళ్లలో ఎవరో మా గోదారి జిల్లాల మనిషి కచ్చితంగా ఉండుంటాడని నా నమ్మకం.

మా బావ ఎదురుగా "అన్నిటికీ ఆయ్" అని ఒక బటనుంటే, ఆయన నో నొక్కుతాడా?

తర్వాత పాత డ్రైవులు మూడూ తుడిచేసి, ఫాల్గుణం పెళ్లిళ్లకి ఖాళీ చేసి పెట్టాడు. అరలు సర్దిన ఇల్లాలిలా చేతులు దులుపుకుని, "చూడరా, ఎంత హాయిగా ఉందో" అన్నాడు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట చెప్పాలి. అది బొమ్మల్ని తన దగ్గర పెట్టుకోదు. పెళ్లిళ్ల పేరయ్యలాంటిది, దాని దగ్గర అమ్మాయిలుండరు, అడ్రసులుంటాయంతే. ఫలానా డ్రైవులో, ఫలానా ఫోల్డర్లో, ఫలానా పేరు. డ్రైవు మారిస్తే గాభరా పడిపోయి, ముక్క ఎక్కడుందని మనల్నే అడుగుతుంది. కొత్త ఫోల్డరు చూపిస్తే, అదే పేరున్నది ఏదుంటే దాన్ని తెచ్చి పీటల మీద కూర్చోబెట్టేస్తుంది. మొహం చూడదు. నరసాపురం పెళ్లి సగం ఎడిటింగ్ అప్పటికే అయిపోయింది. అఖండ గోదావరి చూపించాను. అన్నీ దొరికాయంది. మిగతా సగం చేసి, పాటలు కలిపి, సీడీలు కొట్టి ఇచ్చేశాం.

మూడో రోజు పొద్దున్నే ఒక పెద్దమనిషి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, గాలొస్తే పక్కకి జరిగేలా ఉన్నారు. నరసాపురంలో లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అల్లిన లేసు కొని, పై ఊళ్లకి పంపిస్తారు. ఆ పెళ్లికూతురికి మేనమామ. చేతిలో మా సీడీ.

"ఏవండీ, మీకు మేమేమన్నా అపకారం చేశామాండి?" అన్నారు కుర్చీలో కూర్చుంటూ.

మా వైపు కోపం అలాగే ఉంటుంది. తిట్టినా అండీ తగిలిస్తారు.

"అయ్యో, ఎంత మాటండి. ఏమైందండి?" అన్నాడు బావ.

"పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్లేది ఎవరండి?"

"మేనమామండి."

"మేనమామని నేనాండి, ఇంకెవరన్నానాండి?"

"తమరేనండి."

"మరి మీ సీడీలో మా మేనకోడల్ని ఎవడో బట్టతలాయన మోసుకెళ్తున్నాడండి. ఆయన ఎవరండి? మాకేం అవుతాడండి?"

బావ నా వైపు చూశాడు. నేను సీడీ పెట్టి చూశాను. స్నాతకం, గౌరీపూజ, అన్నీ నరసాపురంవే. బుట్ట దగ్గరకొచ్చేసరికి, భుజాలు కోట గుమ్మాల్లా ఉన్న ఒకాయన, బట్టతల మీద చెమట మెరుస్తుంటే, కూరగాయల సంచీ పట్టుకెళ్లినట్టు బుట్టని పట్టుకెళ్లిపోతున్నాడు. నాకు తెలుసు ఆయన. రావులపాలెం పెళ్లికూతురి మేనమామ, అరటి మార్కెట్టు మనిషి. రోజూ గెలలెత్తే చేతులు ఆయనవి. బుట్టలో పెళ్లికూతురు తల దించుకుని ఉంది. ఆ పూలజడ, ఆ బాసికం, ఆ దించుకున్న తల, జిల్లాలో ఏ పెళ్లికూతురైనా అంతే. పైగా అది అంతకుముందే చేసేసిన సగంలోది, మళ్లీ తిప్పి చూళ్లేదు, అందుకే నేనూ పట్టుకోలేకపోయాను.

"అయినా మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి కదండి" అన్నాను, వాతావరణం తేలిక చేద్దామని.

"బాబూ" అన్నారు ఆయన నావైపు తిరిగి. "నాకు ఉన్నది ఒక్కతే చెల్లెలు. దానికి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి మేనమామని నేనొక్కణ్ణే. మామూలుగా బుట్టకి నలుగురు చెయ్యేస్తారు. మగపెళ్లివారు నన్ను చూసి, లేసు మోసే మనిషి పిల్లనేం మోస్తాడు, ఇంకో ఇద్దర్ని పిలవండి అన్నారు. వాళ్లంటే పరాయివాళ్లు. మా చెల్లెలేమందో తెలుసా? అన్నయ్యా, నువ్వే బుట్టలో కూర్చో, అదే నిన్ను ఎత్తుకెళ్తుంది అంది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"ఎవర్నీ చెయ్యెయ్యనివ్వలేదు. ఒక్కణ్ణే ఎత్తాను. గదిలోంచి మండపం దాకా నడిచాను. సరిగ్గా అప్పుడే వియ్యపురాలి తోడికోడలికి కాఫీ చల్లారిపోయిందని కబురొస్తే, మా చెల్లెలు విడిదింటికి పరిగెత్తింది. చూళ్లేదు. ఊరంతా చూసింది, అది చూళ్లేదు. ఒక్కణ్ణే ఎత్తానంటే నమ్మదు. వీడియోలో చూద్దువుగాని, అప్పుడు మాట్లాడు అన్నాను. మొన్న ఇంటిల్లిపాదీ కూర్చుని మీ సీడీ పెట్టాం. బుట్ట వచ్చింది. మా చెల్లెలు ఇంకా నవ్వుతోందండి. అప్పట్నుంచి నన్ను బట్టతలాయన అని పిలుస్తోంది."

నిండా జుట్టున్న తల మీద చెయ్యి వేసుకున్నారు పాపం.

"దానికి నా బుట్ట చూపించండి. ఇంకేం అడగను. దొరుకుతుందాండి?"

నేను బావ నోటికి అడ్డంపడే లోపే ఆ మాట వచ్చేసింది. "ఆయ్, సాయంత్రానికి తీసి పెడతామండి. చెల్లెమ్మ గార్ని కూడా తీసుకుని రండి."

ఆయన వెళ్లాక బావా నేనూ అఖండ గోదావరి అంతా గాలించాం. మాఘ దశమి ఫోల్డర్లో రెండు పెళ్లిళ్లూ కలిసిపోయి ఉన్నాయి. కానీ విచిత్రం, రెండు తాళులూ ఉన్నాయి, రెండు తలంబ్రాలూ ఉన్నాయి. ఒక్క బుట్ట మాత్రం ఒకటే. ఎందుకా అని చూస్తే అప్పుడు తెలిసింది. బావ బీకాం చదివినాయన. జీలకర్రకి ఎన్ని ఈలు పెట్టాలో అన్నీ పెట్టాడు, తాళికి హెచ్ పెట్టాడు. నేను జీలకర్రలో ఒక ర మింగేశాను, తలంబ్రాల్లో ఏకంగా అచ్చుల్నే ఎగ్గొట్టాను. పేర్లు కలవలేదు గనక ఒకదాన్ని ఒకటి చెరపలేదు. మేమిద్దరం ఒకేలా రాసిన మాట ప్రపంచంలో ఒక్కటే ఉంది. బి, యు, టి, టి, ఏ.

"చూశావా బావా, నేనింకా తక్కువ చదువుకుని ఉంటే ఈ బుట్ట కూడా దక్కేది" అన్నాను.

ఆయన నవ్వలేదు. మూడు డ్రైవుల వైపూ చూశాడు. వశిష్ఠలో అప్పటికే ఫాల్గుణం పెళ్లిళ్లు పారుతున్నాయి.

మిగిలింది టేపు. ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కించేశాక టేపుని మళ్లీ వాడేసుకునేవాళ్లం. అన్ని స్టూడియోల్లోనూ అంతే. బిస్కెట్ డబ్బాలోంచి టేపులన్నీ పోసి, ఒక్కొక్కటీ కెమెరాలో పెట్టి చూడ్డం మొదలెట్టాం. గృహప్రవేశం, బారసాల, ఎవరిదో షష్టిపూర్తి. మధ్యలో మా అక్క కింద నుంచి అన్నానికి రమ్మని కేకేసింది. బావ "ఆయ్" అన్నాడు గానీ లేవలేదు.

ఒక టేపులో ఎవరిదో ఓణీల ఫంక్షన్. పిల్ల సిగ్గుపడుతోంది, పేరంటాళ్లు అక్షింతలు వేస్తున్నారు, పిల్లకి బాబాయి కాబోలు కెమెరా వైపు చూసి లడ్డూ తింటున్నాడు. లడ్డూ సగంలో ఉండగా ఫంక్షన్ అయిపోయింది. తెరంతా చారలు. ఆ చారల్లోంచి, నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే, నరసాపురం మేనమామ గారు బయటికొచ్చారు.

బుట్ట ఆయన చేతుల్లోనే ఉంది. మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. ఎవరో సాయానికి చెయ్యి చాపితే తలతోనే వద్దన్నారు.

"దొరికాడ్రా!" అని బావ నన్ను కావలించుకున్నాడు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నడుస్తున్నాడు. ఎత్తడమేది? వెనక్కి తిప్పాం. లడ్డూ వచ్చింది. ఎత్తడం మీద లడ్డూ పడిపోయింది.

అప్పుడు నా బుర్ర పని చేసింది. రావులపాలెం ఆయన వంగి బుట్ట పట్టుకునే ముక్కలో, చేతులు మాత్రమే దగ్గరగా కనపడే షాటుంది. ఆ చేతులు బుట్ట పట్టుకుని లేపుతాయి, టక్కున కట్, నడుస్తున్న నరసాపురం ఆయన. సినిమాల్లో హీరో గుర్రం మీద అలాగే ఎక్కుతాడు. అతికించి చూశాను. నేనే నమ్మేశాను.

బావకి చూపించాను. రెండుసార్లు వెనక్కి తిప్పించి చూశాడు. "ఆయన్నే అడుగుదాం" అన్నాడు చివరికి.

సాయంత్రం చెల్లెల్ని తీసుకుని వచ్చారు. ఆవిడ బొద్దుగా, నవ్వు మొహంతో, అన్నగారికి పూర్తిగా ఎదురు రకం. మెట్లెక్కుతూనే "ఏవండీ, ఈసారైనా మా అన్నయ్యకి జుట్టొచ్చిందాండి?" అంది. బావ ఆవిడకి కింద కూల్ డ్రింక్ ఇప్పించి కూర్చోబెట్టి, ముందు ఆయన్నొక్కర్నే పైకి తీసుకొచ్చాడు.

నా అతుకు చూపించాను. ఆయన తెరకి బాగా దగ్గరగా వంగి చూశారు. చేతులు వచ్చాయి, లేపాయి, ఆయన నడిచారు.

"బాగా చేశావు బాబూ" అన్నారు. తర్వాత తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నారు. పొడుగాటి వేళ్లు, సన్నటి మణికట్టు. "కానీ ఆ చేతులు నావి కావు. మా చెల్లెలు పుట్టినప్పట్నుంచి ఈ చేతులు పట్టుకుని నడిచింది. పోల్చుకోలేదా?"

నేను ఆ ముక్క ఆపేశాను.

"నేను ఎత్తింది ఎక్కడైనా ఉందాండి?" అని బావని అడిగారు.

బావ పెదవులు "ఆయ్" వైపే పోతున్నాయి, అలవాటు కదా. నేను చూస్తూనే ఉన్నాను. కష్టపడి వెనక్కి లాక్కున్నాడు.

"లేదండి" అన్నాడు. "పోయిందండి. మా తప్పేనండి. సగం నుంచే ఉంది."

"సరే, ఉన్నదే పెట్టండి. దాన్ని పిలవండి" అన్నారు.

ఆవిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది. అతుకు తీసేసి, ఉన్న ముక్క పెట్టాను. చారల్లోంచి అన్నగారు నడుచుకుంటూ వచ్చారు. ఆవిడ నోట్లో ఏదో వేళాకోళం సిద్ధంగా ఉంది, మొహంలో తెలుస్తోంది. అది బయటికి రాలేదు. మెడ నరాలు చూసింది. సాయమొచ్చిన చేతిని తలతో వద్దనడం చూసింది. మండపం దగ్గరకొచ్చాక ఆయన మోకాళ్లు వంచి, నేలకి బుట్ట తగిలిన చప్పుడు కూడా రాకుండా దింపారు. దింపి, వణుకుతున్న చేతుల్ని ఎవరూ చూడకుండా కండువా కింద పెట్టుకున్నారు.

"ఎత్తడం పోయిందే. మిగిలింది ఇంతే" అన్నారు ఆయన, సంజాయిషీ ఇస్తున్నట్టు.

"పిచ్చి అన్నయ్యా" అంది ఆవిడ. "ఎత్తకుండానే దింపావా?"

ఆయన కూడా తెర వైపు తిరిగారు.

"ఇంకోసారి వెయ్యి బాబూ" అంది నాతో. వేశాను. దింపే దగ్గర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నడుం పట్టేసిందా?" అని అడిగింది, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"లేదు."

"అబద్ధం. వారం రోజులు మంచం దిగలేదని వదిన చెప్పింది. జ్వరం అన్నావు నాతో."

"ఎత్తానని ఒప్పుకున్నట్టేనా మరి?"

"ఆఁ, ఎత్తావులే."

ఆయన గబుక్కున మా బావ వైపు తిరిగారు. "ఏవండీ, మీ కెమెరా ఇక్కడుందాండి? దీంచేత ఆ మాట ఇంకోసారి అనిపించి రికార్డు చెయ్యండి. లేకపోతే ఇంటికెళ్లేలోపు మాట మార్చేస్తుంది."

"ఛీ, ఊరుకో అన్నయ్యా! నేననను" అని ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

బావ అప్పటికే కెమెరా ఆన్ చేసేశాడు. ఆవిడ అనలేదు. కొంగు వెనకాల నవ్వుతూనే ఉంది, ఆయన "అను, అను" అని బతిమాలుతూనే ఉన్నారు. నేను ఆ ముక్కని కత్తిరించలేదు. నరసాపురం పెళ్లి సీడీలో, అప్పగింతలు కూడా అయిపోయాక, మా గదిలో తీసిన ఆ నవ్వు ఉంటుంది, ఆఖర్న.